లోయెస్‌లోని సున్నపు గడ్డల రేడియోకార్బన్ వయస్సు: ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చు?

చైనా లోయెస్ పీఠభూమిలో ఎస్1 అని పిలిచే ఎర్రటి పురాతన నేల అడుగున దొరికిన సున్నపు గడ్డకు రేడియోకార్బన్ పద్ధతిలో 28,000 ఏళ్ళ వయస్సు వచ్చిందనీ, అదే పొరకు మిగతా పద్ధతులు లక్ష ఏళ్ళ పైమాటే చెబుతున్నాయనీ, ఈ రెండింటిలో దేనిని నమ్మాలనీ మీరు అడిగారు. పొర వయస్సు వరకు లక్ష ఏళ్ళ మాటనే నమ్మండి. అలాగని ప్రయోగశాల తప్పుగా కొలిచిందని అనుకోనక్కరలేదు. ఆ గడ్డలో ఇప్పుడు మిగిలి ఉన్న కార్బన్-14 ఎంతో ఆ అంకె సరిగానే చెబుతూ ఉండవచ్చు. ఆ కార్బన్-14 ఎప్పుడు, ఏ దారిన గడ్డలోకి చేరిందన్న ప్రశ్నకు మాత్రం కొలత ఒక్కటే జవాబు చెప్పలేదు. ఈ విషయంలో ఏటా కొత్త విద్యార్థులు ఒకేచోట తడబడుతున్నారు కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా మనం దేని వయస్సు అడుగుతున్నామో తేల్చుకోవాలి. లోయెస్ అంటే గాలి మోసుకొచ్చి పరచిన సన్నని ధూళి; ఇసుక కంటే మెత్తన, బంకమట్టి కంటే గరుకు. చైనా పీఠభూమిలో ఇది చాలాచోట్ల వంద మీటర్లకు మించిన మందంలో ఉంది. చలిగా, పొడిగా ఉన్న మంచుయుగాల్లో ధూళి జోరుగా పడి లేత పసుపు పొరలు ఏర్పడ్డాయి. వెచ్చగా, తేమగా ఉన్న కాలాల్లో ధూళి తగ్గి, గడ్డీ గాదం పెరిగి, పడిన ధూళే నేలగా మారి ఎర్రబడింది. పసుపు పొరలను ఎల్ అనీ, ఎర్ర పొరలను ఎస్ అనీ పైనుంచి కిందికి లెక్కపెడతారు. ఎస్1 గత వెచ్చని యుగం నాటిది. సుమారు 1,30,000 ఏళ్ళ నుంచి 75,000 ఏళ్ళ క్రితం వరకు రూపుదిద్దుకున్నది. దాని కింద ఉన్న ఎల్2 అంతకు ముందరి మంచుయుగపు ధూళి.

లోయెస్ ధూళిలో సున్నపురాయి పొడి సహజంగానే కలిసి ఉంటుంది. వాన నీరు నేలలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని ఆ సున్నాన్ని కరిగించి బికార్బొనేట్ రూపంలో కిందికి దించుతుంది. నీరు ఆరిన చోట, లేదా వేళ్ళు నీటిని పీల్చుకున్న చోట, అది తిరిగి కాల్సైటుగా (సున్నపు కార్బొనేట్ స్ఫటికంగా) గడ్డకడుతుంది. అందువల్ల ఎస్1 నేల నుంచి కరిగిన సున్నం చాలావరకు దాని కిందనున్న ఎల్2 ధూళిలోకి దిగి గడ్డలు కట్టింది. అంటే ధూళి పడిన కాలం, దాని మీద నేల ఏర్పడిన కాలం, సున్నం గడ్డకట్టిన కాలం మూడూ వేరు. గడ్డకట్టిన సున్నం తరువాతి కాలంలో మళ్ళీ కొంత కరిగి మళ్ళీ పేరుకొని ఉంటే అది నాలుగోది. రేడియోకార్బన్ కొలతకు ఈ నాలుగింటిలో మొదటి రెండింటితో నేరుగా ఏ సంబంధమూ లేదు. గడ్డ దొరికిన పొర వయస్సే గడ్డ వయస్సు అనుకోవడం ఎంత పొరపాటో, గడ్డ వయస్సే పొర వయస్సు అనుకోవడం కూడా అంతే పొరపాటు.

ఇక కొలత సంగతి. గాలిలోని కార్బన్‌లో సుమారు లక్ష కోట్ల పరమాణువులకు ఒకటి చొప్పున కార్బన్-14 ఉంటుంది. దాని అర్ధజీవిత కాలం, అంటే అది సగానికి తరిగే కాలం, సుమారు 5,730 ఏళ్ళు. ఈ పద్ధతిని కనిపెట్టిన విల్లార్డ్ లిబ్బీ తొలినాళ్ళలో స్థిరపరచిన 5,568 ఏళ్ళ విలువనే, పాత ఫలితాలతో పొత్తు కుదరడం కోసం, ప్రయోగశాలలు నేటికీ సంప్రదాయ వయస్సు లెక్కకు వాడుతున్నాయి. కింద నేను ఇచ్చే లెక్కలన్నీ ఆ సంప్రదాయ వయస్సులే. పద్ధతి చేరగల దూరం సుమారు 50,000 ఏళ్ళు. ఎస్1 కాలపు కార్బన్‌లో అప్పటి కార్బన్-14 లెక్కకు వచ్చేంత మిగలదు. కాబట్టి ఎస్1 కాలంలో గడ్డకట్టి, ఆ తరువాత మార్పు చెందని కాల్సైట్ అయితే రావలసిన జవాబు ‘కొలతకు అందని వయస్సు’ అనే తప్ప మరొకటి కాదు.

పాఠ్యపుస్తకాల్లో కార్బొనేట్ అనగానే మొదట చెప్పేది మృత కార్బన్ గురించి. ధూళిలోని సున్నపురాయి పొడి కోట్ల ఏళ్ళ నాటి సముద్రపు రాయి నుంచి వచ్చినది. అందులో కార్బన్-14 ఏమీ లేదు. రాయి కరిగేటప్పుడు బికార్బొనేటులో సగం కార్బన్ రాతి నుంచీ, సగం నేలలోని కార్బన్ డయాక్సైడు నుంచీ వస్తుంది. ఆ నీరు నేలగాలితో మళ్ళీ సంబంధం లేకుండా గడ్డకడితే సగం కార్బన్ మృతమే కాబట్టి వయస్సు 5,568 ఏళ్ళు ఎక్కువగా కనిపిస్తుంది. కానీ వదులుగా, గాలి ఆడే నేలలో నీటిలోని బికార్బొనేట్ వేళ్ళు, సూక్ష్మజీవులు వదిలే వాయువుతో ఎడతెగకుండా మార్పిడి జరుపుకుంటుంది. ఆ మార్పిడి పూర్తయితే రాతి కార్బన్ జాడ దాదాపు చెరిగిపోతుంది. లోయెస్ వంటి నేలలో ఈ రెండో స్థితికి దగ్గరగా ఉండే అవకాశమే ఎక్కువ. అయితే గడ్డ పెరుగుతూ తన చుట్టూ ఉన్న కరగని సున్నపు రేణువులను కూడా తనలో ఇముడ్చుకుంటుంది. అవి పదో వంతు ఉంటే వయస్సు సుమారు 850 ఏళ్ళూ, నాలుగో వంతు ఉంటే సుమారు 2,300 ఏళ్ళూ పెరుగుతుంది.

ఈ పొరపాటును కార్బన్-13 నిష్పత్తితో (కార్బన్-12తో పోల్చి, ఒక ప్రమాణం నుంచి వెయ్యికి ఎంత తేడానో పర్‌మిల్‌లో చెబుతారు) సవరించవచ్చని కొందరు రాస్తారు. సముద్రపు సున్నపురాయి విలువ సున్నా దగ్గర ఉంటుంది. చెట్లు, చలిప్రాంతపు గడ్డి వంటి సి3 మొక్కలే పెరిగిన నేలలో ఏర్పడిన కార్బొనేట్ −12 పర్‌మిల్ దగ్గరికి పోతుంది. ఉదాహరణకు నేలలో ఏర్పడిన శుద్ధ కార్బొనేట్ −10 ఉండాలనుకుని, గడ్డలో −8 వస్తే, అయిదో వంతు రాతి కార్బన్ ఉన్నట్టు లెక్కగట్టి సుమారు 1,800 ఏళ్ళు తీసివేస్తారు. కానీ ఆ −10 ఎక్కడి నుంచి వచ్చింది? వేసవి వానలతో పెరిగే, కార్బన్-13 ఎక్కువగా ఉండే సి4 గడ్డి కొంత కలిసినా, నేల శ్వాస మందగించి పైగాలి లోపలికి దిగినా శుద్ధ విలువ −9 కావచ్చు. అప్పుడు తీసివేయవలసినది సుమారు 950 ఏళ్ళే. ఒక్క పర్‌మిల్ ఊహలో తేడా వస్తే సవరణ సగానికి పడిపోతున్నదన్నమాట. అందుకే ఈ సవరణను నేను అనుమానంగానే చూస్తాను. ఎలాగూ 28,000 దగ్గర వెయ్యి రెండు వేల ఏళ్ళ తేడా మీ చిక్కును విప్పదు.

మీ చిక్కు దీనికి ఎదురు దిశలో ఉంది. కొత్త కార్బన్ పాత గడ్డలోకి చేరడం ఎంత ప్రమాదకరమో పాఠాలు తగినంత గట్టిగా చెప్పవు. కార్బన్-14 ఏమీ మిగలని గడ్డను తీసుకోండి. అందులోకి నూటికి ఒక్క పాలు నేటి కార్బన్ చేరితే చాలు, వయస్సు 37,000 ఏళ్ళుగా వస్తుంది. మూడు పాళ్ళు చేరితే 28,000. అయిదు పాళ్ళు చేరితే 24,000. పది పాళ్ళు చేరితే 18,500. మీకు వచ్చిన అంకె సరిగ్గా ఆ మూడు పాళ్ళ దగ్గరిది. చేరినది నేటి కార్బన్ కాక 5,000 ఏళ్ళ నాటిది అయితే దాదాపు ఆరు పాళ్ళు కావాలి. అదేమీ పెద్ద మొత్తం కాదు. లక్ష ఏళ్ళపాటు వానల కింద, వేళ్ళ మధ్య, పగుళ్ళ పక్కన పడి ఉన్న గడ్డలో ఆ మాత్రం కాల్సైట్ కొత్తగా పేరుకోలేదంటేనే ఆశ్చర్యపడాలి.

రెండు పొరపాట్లూ సమానమైనవి కావని గమనించండి. మృత కార్బన్ ఎంత కలిసినా, సగం వరకు అనుకున్నా, వయస్సు అయిదారు వేల ఏళ్ళకు మించి పెరగదు. అది గడ్డ అసలు వయస్సు మీద ఆధారపడదు. కొత్త కార్బన్ చేసే నష్టం గడ్డ పాతదయ్యే కొద్దీ పెరుగుతుంది. 5,000 ఏళ్ళ నాటి గడ్డలో ఒక పాలు నేటి కార్బన్ కలిస్తే కొన్ని పదుల ఏళ్ళ తేడాయే వస్తుంది. లక్ష ఏళ్ళ గడ్డలో అదే ఒక పాలు అరవై వేల ఏళ్ళను మింగేస్తుంది. ఈ కారణంగా 20,000 దాటిన గడ్డల వయస్సును ఆ గడ్డకు ఉండగల కనీస వయస్సుగా మాత్రమే చదవాలని నా అభిప్రాయం. ఒకే కోతలో (నిలువుగా తెరిచిన లోయెస్ గోడలో) పైనుంచి కిందికి తీసిన గడ్డల వయస్సులు లోతుతోపాటు పెరగకుండా 25,000–35,000 మధ్యనే తచ్చాడుతుంటే ఇక అనుమానం అక్కరలేదు. కాలానికి బదులు మీరు కాలుష్యపు మోతాదును కొలుస్తున్నారు.

ఇది కాగితం మీది భయం కాదనడానికి జర్మనీలో రైన్ లోయ పక్కనున్న నుస్‌లోఖ్ లోయెస్ కోత మంచి సాక్ష్యం. అక్కడ వేళ్ళ చుట్టూ గొట్టాల్లా కట్టిన కార్బొనేట్ పుష్కలంగా దొరుకుతుంది. ఆ గొట్టాలున్న ధూళి గత మంచుయుగపు చివరి భాగంలో, 15,000 ఏళ్ళకు అటూ ఇటుగా, పడినది. గొట్టాల కార్బొనేటుకు వచ్చిన రేడియోకార్బన్ వయస్సు సుమారు 3,000 ఏళ్ళు. ధూళి పడి, మంచుయుగం ముగిసి, వేల ఏళ్ళు గడిచిన తరువాత ఏవో పొదలో చెట్లో తమ వేళ్ళను మీటర్ల లోతుకు దించి, ఆ పాత ధూళిలో తమ గుర్తును వదిలాయి. అటువంటి గొట్టాన్ని మంచుయుగపు వృక్షసంపదకు ఆనవాలుగా తీసుకుంటే వాతావరణం గురించి రాసే ప్రతి వాక్యమూ తప్పుతుంది. గొట్టం దగ్గర ఇంత స్పష్టంగా కనిపించిన సంగతి గుండ్రని గడ్డలో బయటికి కనిపించకుండా జరుగుతుంది, తేడా అంతే.

గడ్డను కోసి చూస్తే ఇది అర్థమవుతుంది. వజ్రపు రంపంతో నిలువునా కోసి, ముఖాన్ని నునుపు చేసి, తడిపి, చేతి లెన్సుతో చూడండి. మధ్యలో మట్టి రంగులో మసకగా, రేణువు కంటికి ఆనని గట్టి భాగం ఉంటుంది. దానిని చీల్చుకుంటూ ఎండకు నెర్రెలిచ్చిన పగుళ్ళు. ఆ పగుళ్ళలో తళుకుమనే స్ఫటికాల తెల్లని పూత. అంచున, ముఖ్యంగా అడుగు వైపున, మెత్తని సుద్ద లాంటి పొర. ఏళ్ళ తరబడి సున్నం వేస్తూ వచ్చిన గోడను గీకి, ఆ పొడినంతా కలిపి చూస్తే ఇల్లు కట్టిన ఏడు తెలియదు. గడ్డను మొత్తంగా నూరి ప్రయోగశాలకు పంపడమూ అంతే. పలుచని కోతను సూక్ష్మదర్శిని కింద చూసి, వీలైతే కాథోడోలుమినిసెన్స్‌తో (ఎలక్ట్రాన్లు తాకినప్పుడు ఖనిజం వెలువరించే కాంతితో) ఎన్ని తరాల కాల్సైట్ ఉందో తేల్చుకుని, మసకగా ఉన్న గట్టి భాగం నుంచి మాత్రమే చిన్న డ్రిల్లుతో పొడి తీయాలి. కార్బన్-14 పరమాణువులను నేరుగా లెక్కపెట్టే యాక్సిలరేటర్ మాస్ స్పెక్ట్రోమెట్రీకి పది మిల్లీగ్రాముల పొడి చాలు; అందులో ఒక మిల్లీగ్రాముకు పైగా కార్బన్ ఉంటుంది. ఇంత తక్కువ చాలినప్పుడు గడ్డంతా నూరడానికి కారణమే లేదు.

పొడిని తీసిన తరువాత దాచి ఉంచకండి. సన్నగా నూరిన కాల్సైట్ తేమ తగిలితే గది గాలిలోని కార్బన్ డయాక్సైడును తన ఉపరితలం మీదికి లాక్కుంటుంది. పాత గడ్డకు ఆ కొంచెమే చాలా ఎక్కువ. కొలతకు ముందు పలుచని ఆమ్లంతో పై భాగాన్ని కరిగించివేయడం మామూలే. అంతకంటే మేలైనది, ఫాస్ఫారిక్ ఆమ్లంతో వచ్చే వాయువును అంచెలంచెలుగా సేకరించి, మొదటి భాగాన్నీ చివరి భాగాన్నీ విడిగా కొలిపించడం. మొదటిది చిన్న వయస్సు, చివరిది పెద్ద వయస్సు చూపితే గడ్డ మూసి ఉన్న గది కాదని తేలినట్టే. రెండూ కలిసినంత మాత్రాన గడ్డ నిర్దోషి అని మాత్రం అనలేం. పూర్తిగా మళ్ళీ స్ఫటికీకరణం చెందిన గడ్డ కూడా ఒకే వయస్సు చూపగలదు.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్షను చాలామంది చేయరు. ప్రయోగశాలలు తమ నేపథ్యపు కార్బన్-14ను, అంటే నమూనాలో లేకపోయినా కొలతలో కనిపించేదానిని, తెలుసుకోవడానికి కరారా పాలరాయి వంటి, కార్బన్-14 ఏమీ లేని పదార్థాన్ని కొలుస్తాయి. పాలరాయి గట్టిది, రంధ్రాలు లేనిది. గుల్లగా ఉండే మన గడ్డ దానిలా ప్రవర్తించదు. చైనా లోయెస్‌లో మీకు ఒక గొప్ప సౌకర్యం ఉంది: అదే కోతలో ఇంకా కిందికి, భూ అయస్కాంత క్షేత్రం తిరగబడిన సుమారు 7,80,000 ఏళ్ళ నాటి సరిహద్దు ఎల్8 పొర దగ్గర కనిపిస్తుంది. ఆ సరిహద్దుకు కింది గడ్డను తీసుకుని, మీ గడ్డకు చేసినవన్నీ దానికీ చేసి, అదే విడతలో కొలిపించండి. అది ఏర్పడినప్పటి కార్బన్-14 అందులో మిగిలి ఉండే వీలే లేదు. దానికి 33,000 వచ్చిందనుకుందాం. అప్పుడు మీ కోతలోని గడ్డల విషయంలో ఈ పద్ధతి చెప్పగల గరిష్ఠ దూరం అదే, యంత్రం సామర్థ్యం 50,000 అయినా సరే. దానికీ 28,000 వస్తే మీ ప్రశ్నకు జవాబు అక్కడే దొరికింది.

అంకెలను పోల్చేటప్పుడు రెండు చిన్న జాగ్రత్తలు. నివేదికలో ప్రయోగశాలలు మామూలుగా చేసే ప్రామాణిక కార్బన్-13 సవరణ (పైన నేను అనుమానించిన మృత కార్బన్ సవరణ కాదు) చేశారో లేదో చూడండి. సముద్రపు రాతికి దగ్గరి విలువ ఉన్న కార్బొనేటుకు అది చేయకపోతే సుమారు 400 ఏళ్ళ తేడా వస్తుంది. రెండోది, సంప్రదాయ రేడియోకార్బన్ వయస్సును ఇంట్‌కాల్20 వక్రరేఖతో క్యాలెండరు ఏళ్ళకు మార్చకుండా లుమినిసెన్స్ వయస్సు (ధూళి రేణువులు చివరిసారి వెలుగు చూసిన కాలం) పక్కన పెట్టకండి. మీ 28,000 అలా మారిస్తే దాదాపు 32,000 అవుతుంది.

లోయెస్‌లో కార్బొనేటును పూర్తిగా వదిలేయాలని నేను అనడం లేదు. ఎంచుకోవలసిన కార్బొనేట్ వేరే ఉంది. వానపాములు తమ గ్రంథుల్లో కాల్సైటును స్రవించి మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల గుళికలుగా మట్టిలో వదులుతాయి. నుస్‌లోఖ్‌లోనే ఆ గుళికలను వడపోసి కొలిచిన పరిశోధన 2017లో వెలువడింది. గత మంచుయుగంలో కొద్దికాలం వెచ్చబడినప్పుడు ఏర్పడిన పలుచని నేలలను ఆ వయస్సులు గ్రీన్‌లాండ్ మంచు చెప్పే వెచ్చని ఘట్టాలతో జతపరిచాయి. ఒకే కోతలో వేరు గొట్టం 3,000 ఏళ్ళు చెబుతుంటే గుళిక పొర చరిత్రను చెబుతోంది. గుళిక ఒక జీవి బతికుండగా, నేలపై పొరల్లో, కొద్దికాలంలో పూర్తయిన వస్తువు. గొట్టమూ గడ్డా ఎప్పుడైనా, ఎంతకాలమైనా పెరగగలవు. అదే కారణంగా చిన్న నత్తగుల్లలు కూడా పనికివస్తాయి. సున్నపురాయిని కొరికి తినే పెద్ద నత్తల గుల్లల్లో మృత కార్బన్ చేరి మూడు వేల ఏళ్ళ వరకు తేడా రావచ్చు కనుక వాటిని వదిలి, సక్సీనియా జాతి వంటి చిన్నవాటిని ఎంచుకోవాలి. గుల్ల మొదట ఆరగొనైటుతో (అదే కార్బొనేట్‌కు మరో స్ఫటిక రూపం) కట్టుకున్నది కాబట్టి, స్ఫటిక రకాన్ని గుర్తించే ఎక్స్‌రే వివర్తనంలో కాల్సైట్ కనిపిస్తే అది తరువాత మారిందని తేలికగా పట్టుకోవచ్చు. సున్నపు గడ్డకు ఇటువంటి సాక్ష్యం లేదు. మొదటా కాల్సైటే, మారిన తరువాతా కాల్సైటే.

ఎస్1 వంటి లక్ష ఏళ్ళ పొరకు గుళికలూ గుల్లలూ కూడా సాయపడవు, రేడియోకార్బన్ అక్కడికి చేరదు. అక్కడ ధూళి చివరిసారి వెలుగు చూసిన కాలాన్ని చెప్పే లుమినిసెన్సే ఆధారం. దానికీ హద్దులున్నాయి: లోయెస్‌లోని క్వార్ట్జ్ సంకేతం అరవై డెబ్బై వేల ఏళ్ళ తరువాత ఇక పెరగలేనంతగా నిండిపోయి వయస్సును తక్కువగా చూపడం మొదలుపెడుతుంది. అంతకు మించితే ఫెల్డ్‌స్పార్ సంకేతాలు చూడాలి. మీ లక్ష ఏళ్ళ అంకె ఏ ఖనిజం నుంచి వచ్చిందో కనుక్కోండి. అది క్వార్ట్జ్ నుంచి వచ్చినదైతే అసలు వయస్సు ఇంకా ఎక్కువే అయి ఉండవచ్చు, తక్కువ అయ్యే అవకాశం స్వల్పం.

మన దేశపు నమూనాల మీద పనిచేసేవారికీ ఈ మాటలన్నీ వర్తిస్తాయి. రాజస్థాన్‌లో డీడ్వానా దగ్గరి 16ఆర్ ఇసుకదిబ్బ కోతలో పొర మీద పొరగా సున్నపు గడ్డలున్నాయి. ఆ దిబ్బ చరిత్రను సుమారు రెండు లక్షల ఏళ్ళ వరకు నిలబెట్టినది లుమినిసెన్స్ పద్ధతి. ఇసుక లోయెస్ కంటే గుల్ల, నీరు ఇంకా సులువుగా దిగుతుంది కాబట్టి అక్కడ గడ్డల రేడియోకార్బన్ వయస్సులను ఇంకా జాగ్రత్తగా చదవాలి. రాయలసీమ, తెలంగాణ నల్లరేగడి నేలల్లో దొరికే సున్నపు గడ్డలైతే గాలి తెచ్చిన ధూళిలోవి కావు గానీ, నెర్రెల వెంట ప్రతి వేసవీ పై మట్టి కిందికి జారి, నేల తనంతట తాను కలియబడే చోటు అది. గడ్డ ఏ లోతులో దొరికిందన్న మాటకే అక్కడ విలువ తక్కువ.

మీ వ్యాసంలో 28,000ను దాచవద్దు. గడ్డలో ఏ భాగం నుంచి తీశారో, ఎంత ఆమ్లంతో కడిగారో, నేపథ్యానికి ఏ పదార్థం వాడారో రాసి, ‘ఈ గడ్డలోని కార్బొనేట్ కనీసం ఇంత పాతది, పొర వయస్సుకు దీనిని ఆధారంగా తీసుకోలేదు’ అని ఒక్క వాక్యం చేర్చండి. ఎల్8 కింది గడ్డ ఫలితం వచ్చాక ఆ అంకెను కూడా పక్కనే ఇవ్వండి. కోతకు మళ్ళీ వెళ్ళే అవకాశం ఉంటే గోడను అర మీటరైనా లోపలికి తవ్వి, నిలువు పగుళ్ళకూ నేటి వేళ్ళకూ దూరంగా గడ్డలను తీయండి. లోయెస్ గోడల్లో వాన నీరు దిగేది ఎక్కువగా ఆ పగుళ్ళ వెంటే.